ఫ్లష్ ట్యాంకు మూత తీసి చూద్దాం



కరెంటు పోయినప్పుడు ఇంట్లో కొన్ని చప్పుళ్ళు బయటపడతాయి. ఫ్యాను ఆగి, ఫ్రిజ్ ఆగి, పక్కింటి టీవీ కూడా ఆగాక బాత్‌రూమ్ వైపు నుంచి ‘స్స్...’ మని సన్నగా వినిపిస్తుంది. పాము కాదు, భయపడకండి. కమోడ్ వెనక ఉన్న ఫ్లష్ ట్యాంకు. ఎన్నాళ్ళ నుంచి అలా కారుతోందో ఇంట్లో ఎవరినడిగినా చెప్పలేరు. వంటింట్లో నల్లా బొట్టు బొట్టుగా కారితే మాత్రం ఎవరూ ఊరుకోరు. కింద గిన్నె పెడతారు, రెండు మాటలు గట్టిగా అంటారు, సాయంత్రానికి కొత్త వాషర్ వచ్చేస్తుంది. ఆ నీళ్ళే గోడకు అవతల కారితే నెలలు గడిచిపోతాయి.

ఎంత పోతుందో లెక్క వేద్దాం. కమోడ్ లోపలి గోడ మీద దారంలా జారే ధారను చాలామంది చూసే ఉంటారు. ఆ ధారకు పావు లీటరు గ్లాసు నిండటానికి ఒక నిమిషం పట్టిందనుకోండి. గంటకు 15 లీటర్లు, రోజుకు 360, నెలకు 10,800 లీటర్లు. మన జాతీయ భవన నియమావళి పట్నంలో మనిషికి రోజుకు 135 లీటర్లు కావాలని, అందులో 45 లీటర్లు ఫ్లష్‌కే పోతాయని లెక్కగట్టింది. అంటే ఆ దారం ధార ఎనిమిది మంది ఫ్లష్ నీళ్ళను రోజూ మింగుతోంది. గ్రేటర్ హైదరాబాద్‌లో ఇంటికి నెలకు 20,000 లీటర్ల దాకా ఉచితంగా ఇచ్చే పథకం 2021 జనవరిలో మొదలైంది, మీటరు ఉండాలన్న షరతు మీద. మీటరు పెట్టించుకుని, ఆధార్ జత చేయించుకుని, ఆఫీసు చుట్టూ తిరిగి సంపాదించుకున్న ఉచితంలో సగం పైన ఇలా పోతుందన్నమాట. ఇక దిల్‌సుఖ్‌నగర్‌లో కోచింగ్ పిల్లలుండే నాలుగంతస్తుల హాస్టళ్ళ సంగతి చెప్పనక్కర్లేదు. అంతస్తుకు మూడు బాత్‌రూములుంటే, పన్నెండింటిలో ఎన్ని కారుతున్నాయో ఓనరుకూ తెలియదు, వార్డెనుకూ తెలియదు. ఎండాకాలంలో వచ్చే ట్యాంకర్ల లెక్క మాత్రం తెలుస్తుంది.

ఈ నీళ్ళు ఎక్కడి నుంచి వచ్చాయో కూడా తలుచుకోవాలి. ఎల్.బి.నగర్, దిల్‌సుఖ్‌నగర్ వైపు నల్లాల్లో వచ్చేవి ఎక్కువగా కృష్ణ నీళ్ళు. నాగార్జునసాగర్ జలాలను నల్లగొండ జిల్లా అక్కంపల్లి రిజర్వాయరుకు ఎత్తిపోస్తారు. కోదండాపురంలో శుద్ధి చేసి, అక్కణ్ణుంచి పంపు మీద పంపు పెట్టి, నూరు కిలోమీటర్లకు పైగా నడిపిస్తే వనస్థలిపురం పక్కనున్న సాహెబ్‌నగర్‌కు చేరతాయి. మొదటి దశ 2004లో, రెండోది 2008లో, మూడోది 2015లో పూర్తయ్యాయి. సాగర్ నిండు నీటిమట్టం 590 అడుగులు. మన నగరం ఉన్నది దక్కన్ పీఠభూమి మీద, అంతకన్నా సుమారు వెయ్యి అడుగుల ఎత్తున. నది తనంతట తాను మన గుమ్మంలోకి రాలేదు, కరెంటుతో మోసుకొచ్చాం. మీ బాత్‌రూమ్‌కు బోరు నీళ్ళు వస్తాయంటారా? అవీ రాయి తొలిచిన బొక్కలోంచి మోటారు లాగితే వచ్చినవే.

ఇంత ఖరీదైన నీళ్ళు కళ్ళముందు పోతుంటే మూత తీసి చూసేవాళ్ళు ఎందుకుండరు? చేతకాక అనుకోను. మిక్సీ విప్పుతాం, సైకిల్ పంక్చరు వేసుకుంటాం, గ్యాసు బర్నరు ఊడదీసి పిన్నీసుతో కన్నాలు శుభ్రం చేసుకుంటాం. ఫ్లష్ ట్యాంకు దగ్గరకు వచ్చేసరికి చెయ్యి వెనక్కి పోతుంది. అది మైల వస్తువు, మరొకరెవరో వచ్చి చెయ్యాల్సిన పని అన్న భావం మనలో లోతుగా దిగబడి ఉంది.

కానీ ట్యాంకు కమోడ్‌కు ఎగువన ఉంది. మిద్దె మీది సింటెక్స్ ట్యాంకు నుంచి దిగిన పైపులో ఒక కొమ్మ వాష్‌బేసిన్‌కు, ఒకటి గీజరుకు, ఇంకొకటి ఫ్లష్ ట్యాంకుకు పోతుంది. చాలా ఇళ్ళలో పళ్ళు తోముకునే నీళ్ళూ అవే. కమోడ్‌లో పడ్డాకనే అవి మురుగు. మూత తీసి లోపల చెయ్యి పెడితే మీకు అంటేది మహా అయితే కొంచెం పాచి, అడుగున పేరుకున్న సున్నం.

నిజమైన మలినాన్ని ఎత్తే పనిని మనం తరతరాలుగా కొన్ని కులాల నెత్తిన పెట్టాం. కోలార్ బంగారు గనుల్లో అలాంటి పని చేసిన తెలుగు కుటుంబంలో పుట్టిన బెజవాడ విల్సన్, విశ్రాంత ఐఏఎస్ అధికారి ఎస్.ఆర్. శంకరన్ వంటి పెద్దల తోడుతో సఫాయి కర్మచారి ఆందోళన్ నడిపి, పొడి మరుగుదొడ్లను కూల్చే ఉద్యమం చేశారు. 2016లో ఆయనకు మెగసెసే పురస్కారం వచ్చింది. మనుషుల్ని మురుగులోకి దించకూడదని 2013లో చట్టం కూడా వచ్చింది. అయినా 2021 ఆగస్టులో, ఇందాక చెప్పుకున్న ఆ సాహెబ్‌నగర్‌లోనే, మ్యాన్‌హోల్‌లోకి దిగిన ఇద్దరు కార్మికులు ప్రాణాలు పోగొట్టుకున్నారు. కృష్ణ నీళ్ళు వచ్చి చేరే చోటే అది. మురుగులోకి మనిషిని దించడానికి జంకని మనం మంచినీళ్ళ డబ్బా మూత తీయడానికి జంకుతున్నాం. నాకు ఇది మింగుడుపడని సంగతి.

సరే, పనిలోకి దిగుదాం.

మొదటి చిక్కు మూత దగ్గరే వస్తుంది. పక్కన పిడి ఉన్న పాత ప్లాస్టిక్ ట్యాంకయితే మూత పైకి ఎత్తితే వచ్చేస్తుంది. మీద బటన్ ఉన్న ట్యాంకు మూత రాదు. లాగకండి, పింగాణీ పగులుతుంది. ఆ బటన్ చుట్టూ ఉన్న రింగే చాలావాటిలో మూతను పట్టి ఉంచుతుంది. రింగును ఎడమ వైపుకు తిప్పితే ఊడుతుంది. కొన్ని రకాల్లో బటన్ ఒక సగాన్ని నొక్కి, రెండో సగాన్ని గోటితో లేపితే కింద స్క్రూ కనిపిస్తుంది. తీసిన మూతను నేల మీద పాత తువ్వాలు పరిచి దాని మీద పెట్టండి. కమోడ్ సీటు మీద పెట్టొద్దు. ఒక్కసారి జారిందంటే అదే మూత విడిగా దొరకడం గగనం. ట్యాంకు గోడలోపల ఉండి, బయటకు బటన్ పలక మాత్రమే కనిపించే కొత్త అపార్ట్‌మెంట్లయితే మొదటిసారి చేసేవాళ్ళు పెట్టుకోవద్దు. ఆ కంపెనీ మనిషినే పిలవండి.

లోపల భయపెట్టేంత సరంజామా ఏమీ ఉండదు. ఒక పక్కన నీళ్ళు నింపే బాల్ కాక్, దానికి తేలే బుడ్డి. మధ్యలో నీళ్ళు వదిలే ఫ్లష్ వాల్వ్. ఆ వాల్వ్‌లోనే నిలువుగా ఒక గొట్టం ఉంటుంది. ట్యాంకు పొంగి నేల మీద పడకుండా, ఎక్కువైన నీటిని కమోడ్‌లోకి దించే గొట్టం అది. కారేది కమోడ్‌లోకే అయితే రెండే దారులు: నిండటం ఆగక ఆ గొట్టంలోంచి పొర్లడం, లేదా అడుగున వాషర్ సరిగ్గా కూర్చోక జారడం. ఏ దారో తేలకుండా షాపుకు పరుగెత్తితే డబ్బులు దండగ.

తేల్చడం కష్టమేమీ కాదు. ముందు నీటిమట్టం చూడండి. నీళ్ళు నిలువు గొట్టం మూతి దాకా వచ్చి అందులోకి జారుతుంటే తప్పు బాల్ కాక్‌ది. గొట్టం మూతి పొడిగా ఉండి, కమోడ్‌లో మాత్రం ధార కనిపిస్తుంటే తప్పు అడుగు వాషర్‌ది. అనుమానంగా ఉంటే బట్టలకు పెట్టే నీలిమందు నాలుగు చుక్కలు ట్యాంకులో వేసి, అరగంట ఫ్లష్ చేయకుండా వదిలేయండి. కమోడ్ నీళ్ళు నీలంగా మారాయంటే కారుతున్నట్టే. ఇంట్లో పిల్లలుంటే ఈ పని వాళ్ళకివ్వండి, ఎంతో శ్రద్ధగా కాపలా కాస్తారు. ఇంకో పద్ధతి: ట్యాంకుకు నీళ్ళు వచ్చే పైపు మీది యాంగిల్ కాక్ కట్టేసి, నీటిమట్టం దగ్గర పెన్సిల్‌తో గీత గీసి, గంట తర్వాత చూడండి. మామూలు ట్యాంకులో ఒక్క అంగుళం దిగితే సుమారు లీటరున్నర పోయినట్టు. నీళ్ళు గీత దగ్గరే ఉంటే వాషర్ నిర్దోషి.

యాంగిల్ కాక్ గురించి ఒక మాట చెప్పి తీరాలి. ఇల్లు కట్టిన రోజు నుంచి తిప్పని కాక్ బిగుసుకుపోయి ఉంటుంది. పానా పెట్టి బలం చూపించారో, గోడలోని ప్లాస్టిక్ ఎల్బో విరిగి నీళ్ళు పిచికారీ కొడతాయి. అందుకే పని మొదలుపెట్టేముందే మిద్దె మీద మీ లైను గేట్ వాల్వ్ ఎక్కడుందో చూసుకోండి. అపార్ట్‌మెంటయితే వాచ్‌మన్‌కు తెలుస్తుంది. కాక్ కదలకపోతే దాని జోలికి పోకుండా పైనే కట్టేయండి. ఈ పనిని ఆదివారం రాత్రి మొదలుపెట్టవద్దు. పగటిపూట, హార్డ్‌వేర్ షాపు తెరిచి ఉన్నప్పుడు, ఇంట్లో రెండో బాత్‌రూమో పక్కింటివాళ్ళ మంచితనమో అందుబాటులో ఉన్నప్పుడు పెట్టుకోండి.

బాల్ కాక్ దోషి అని తేలితే ముందు సర్దుబాటు చేసి చూడాలి. బుడ్డికి ఇత్తడి కడ్డీ ఉన్న పాత రకమయితే కడ్డీని నిదానంగా కిందికి వంచాలి. కొత్త రకాల్లో బుడ్డి పక్కన స్క్రూనో క్లిప్పో ఉంటుంది. నీళ్ళు నిలువు గొట్టం మూతికి ఒక అంగుళం కిందనే ఆగేలా పెట్టుకోండి. బుడ్డిని చెవి దగ్గర పెట్టి ఊపండి. లోపల నీళ్ళు తొణికితే అది చిల్లిపడింది, ఇక తేలదు, మార్చాల్సిందే. బుడ్డి బాగుండి, చేత్తో పైకెత్తి పట్టినా నీళ్ళు ఆగకపోతే వాల్వ్ తలలో ఇసుక రేణువో సున్నమో అడ్డుపడింది. కాక్ కట్టేసి, వాల్వ్ తల విప్పితే లోపల చిన్న రబ్బరు బిళ్ళ ఉంటుంది. దాన్ని తీసి కడగండి. వాల్వ్ మూతి మీద ఒక మగ్గు బోర్లించి, కాక్‌ను అర క్షణం తెరిచి మూయండి. చెత్త ఎగిరి మగ్గులో పడుతుంది. మగ్గు పెట్టకపోతే ఆ నీళ్ళు మీ ముఖానికే.

ఈ ఇసుక, సున్నం మన వైపు ఎక్కువ. కింద ఉన్నది గ్రానైటు. ఆ పగుళ్ళలో ఏళ్ళకేళ్ళు నిలవున్న బోరు నీటిలో కాల్షియం, మెగ్నీషియం కరిగి ఉంటాయి. వనస్థలిపురం, హయత్‌నగర్ వైపు బకెట్లకు, షవర్లకు పట్టే తెల్ల పొర అదే. ఆ పొర రబ్బరు మీద కట్టిందంటే వాషర్ గట్టిపడి, ఎక్కడో ఒక సందు వదులుతుంది. వెనిగర్‌లోనో నిమ్మరసంలోనో రాత్రంతా నానబెడితే పొర మెత్తబడి పాత బ్రష్షుకు ఊడొస్తుంది. ఓపిక లేక బాత్‌రూమ్ కడిగే యాసిడ్ ట్యాంకులో పోసేవాళ్ళున్నారు. అది సున్నంతో పాటు రబ్బరునూ ఇత్తడినీ తినేస్తుంది. అంతకన్నా ప్రమాదం, యాసిడూ బ్లీచింగ్ పౌడరూ కలిస్తే క్లోరిన్ వాయువు పుడుతుంది. తలుపు మూసిన చిన్న బాత్‌రూమ్‌లో అది ఊపిరితిత్తులను కాల్చేస్తుంది. ఆ రెండూ ఒక్క రోజున ఒక్క చోట వాడవద్దు.

ఇక అడుగు వాషర్. బటన్ ట్యాంకుల్లో ఎక్కువగా కారేది ఇదే, దానికి చిన్న చరిత్ర ఉంది. వెనకటి సర్కారీ క్వార్టర్లలో తల మీద ఇనుప ట్యాంకు, గొలుసు లాగితే భోరుమని నీళ్ళు వచ్చేవి గుర్తున్నాయా? అవీ, తర్వాతి పిడి ట్యాంకుల్లో చాలావరకూ సైఫన్ పద్ధతిలో పనిచేసేవి. సైఫన్‌కు అడుగున మూతే ఉండదు. నీళ్ళు ఒక వంపు ఎక్కి దిగాలి, పిడి నొక్కితే తప్ప ఎక్కవు, కాబట్టి అడుగు నుంచి కారే ప్రసక్తే లేదు. బ్రిటన్‌లో కారకుండా ఉండే ఈ గుణం కోసమే 2001 దాకా సైఫన్ తప్ప మరొకటి వాడనివ్వలేదు. రెండు బటన్ల ట్యాంకు 1980 ప్రాంతంలో ఆస్ట్రేలియాలో, నీటి కరువు తెలిసిన దేశంలో పుట్టింది. ఇప్పటివాటిలో చిన్న బటన్‌కు మూడు లీటర్లు, పెద్దదానికి ఆరు. ఉద్దేశం మంచిదే. కానీ దాని అడుగున రబ్బరు మూత వచ్చింది. చిన్న బటన్‌తో మూడు లీటర్లు మిగిల్చి, పాడైన మూతతో మూడు వందల అరవై వదిలేస్తున్నామంటే తప్పు కనిపెట్టినవాళ్ళది కాదు. మూత తీయని మనది. పైగా మనవాళ్ళు రెండు బటన్లూ ఒక్క అరచేత్తో నొక్కుతారు, అది వేరే కథ.

మార్చడం ఇలా. కాక్ కట్టేసి, ఫ్లష్ చేసి ట్యాంకు ఖాళీ చేయండి. మధ్యనున్న వాల్వ్ స్తంభాన్ని రెండు చేతులతో పట్టుకుని ఎడమ వైపుకు పావు చుట్టు తిప్పితే చాలా రకాల్లో అడుగు నుంచి ఊడి పైకి వచ్చేస్తుంది. దాని పాదానికి ఉంగరంలా చుట్టిన రబ్బరో సిలికానో ఉంటుంది. అదే వాషర్. ముందు కడిగి, తిరగేసి వేసి చూడండి. ఒక్కోసారి దానితోనే ఆగిపోతుంది. అది కూర్చునే గట్టును కూడా వేలితో తడమండి, గరగరలాడితే సున్నం ఉంది, తుడిచేయండి. వాషర్ గట్టిపడినా, చీలినా మార్చాలి. షాపుకు వెళ్ళేటప్పుడు పాతది జేబులో వేసుకుని వెళ్ళండి. ‘ఫ్లష్ ట్యాంకు వాషర్ కావాలి’ అంటే షాపతను ‘ఏ కంపెనీ?’ అంటాడు. ప్యారీవేర్, హింద్‌వేర్, సెరా, జాక్వార్, దేని కొలత దానిదే. ఫోటో తీసుకెళ్తే కొలత తెలియదు. వాషర్ పదుల రూపాయల్లో పోతుంది. లోపలి సెట్టు మొత్తం మార్చినా కొన్ని వందలే. గల్లీ షాపులో దొరకని పాత మోడలు కోసం రాణిగంజ్ దాకా వెళ్ళాల్సి రావచ్చు.

తిరిగి బిగించేటప్పుడు ఉత్సాహం తగ్గించుకోవాలి. ప్లాస్టిక్ నట్టును చేత్తో బిగించి, పానాతో పావు చుట్టు తిప్పితే చాలు. కారుతుందేమోనని ఇంకాస్త బిగించేవాళ్ళే పగలగొడతారు. కనెక్షన్ పైపు చివర రబ్బరు వాషర్ ఉంటే టెఫ్లాన్ టేపు అక్కర్లేదు. ఇనుప మరల దగ్గర మాత్రం చుట్టండి, నట్టు బిగిసే దిక్కులోనే. ఎదురు చుడితే బిగించేకొద్దీ టేపు ఊడివస్తుంది.

ఇక ఏది మీ పని కాదో కూడా చెప్పాలి. నీరు కమోడ్ పాదం దగ్గర ఊరుతుంటే, ఫ్లష్ చేసిన ప్రతిసారీ అక్కడ తడి చేరుతుంటే, కింది బాత్‌రూమ్ సీలింగ్ మీద మచ్చ కనిపిస్తుంటే, అది ట్యాంకు సంగతి కాదు. కింద జాయింటు కదిలింది. కమోడ్‌ను లేపి మళ్ళీ కూర్చోబెట్టాలి, మిస్త్రీని పిలవండి. పైపైన వైట్ సిమెంటు పూసి పంపించేయమనకండి. నీళ్ళు లోపలే దారి చూసుకుని కిందింటివాళ్ళ తల మీద పడతాయి, ఆ తర్వాత అపార్ట్‌మెంటు మీటింగులో మీ తల మీద. వీధి డ్రైనేజీ నిండి వెనక్కి తంతుంటే హైదరాబాద్ జలమండలి నంబరు 155313కు చెప్పండి. సొంతంగా మనిషిని పెట్టి మ్యాన్‌హోల్ మూత తీయించడం మాత్రం ఏ పరిస్థితిలోనూ చేయకండి.

అద్దె ఇళ్ళ వాళ్ళకు ఓ మాట. ‘ఓనరు చూసుకుంటాడు’ అని మీరు, ‘ఉండేవాళ్ళు చూసుకుంటారు’ అని ఓనరు, మధ్యలో ధార. ప్లంబరుకు ఇరవై రూపాయల వాషర్ కోసం ట్రాఫిక్‌లో నాగోలు నుంచి రావడం గిట్టదు, అతన్ని తప్పు పట్టలేం. వాషర్ మీరే మార్చేసి, పాతదాని ఫోటో, బిల్లు ఓనరుకు పంపండి. అద్దెలో తగ్గించుకోమంటే చాలామంది కాదనరు. హాస్టల్ పిల్లలు వార్డెన్ అనుమతి తీసుకుని ఒక గదిలో చేసి చూపిస్తే, మిగతా అంతస్తుల వాళ్ళు వాళ్ళే పిలుస్తారు.

చివరగా, పని ఫలించిందో లేదో చూసుకునే విషయం. రాత్రి నల్లాలన్నీ కట్టేసి నీటి మీటరు తిరుగుతోందో లేదో చూడమని ఇంగ్లీషు వీడియోల్లో చెబుతారు. మన దగ్గర అది పనిచేయదు. నల్లా నీళ్ళు వేళకు వచ్చి సంపులో పడతాయి, సంపు నుంచి మోటారుతో మిద్దెకు ఎక్కుతాయి. మీటరు సంపుకు ముందే ఉంటుంది కాబట్టి బాత్‌రూమ్‌లో కారడం దానికి అప్పటికప్పుడు తెలియదు. మన మీటరు మోటారు స్విచ్చే. మరమ్మతుకు ముందు వారం రోజులు మోటారు ఎన్నిసార్లు వేశారో గోడ క్యాలెండరు మీద గీతలు పెట్టుకోండి, తర్వాతి వారం కూడా పెట్టండి. అపార్ట్‌మెంటయితే ఆ లెక్క వాచ్‌మన్‌కు నోటికి వచ్చు. గీతలు తగ్గకపోతే పక్క బాత్‌రూమ్ ట్యాంకు మూత కూడా తీయండి.